తుపాకికి మెత్త

మా ఆయన మాజీ సిపాయి. తెలంగాణ వచ్చిన కొత్తలో భువనగిరిలో ఒక బ్యాంకు ముందర గార్డుగా కుదిరాడు. సొంత లైసెన్సు, సొంత రైఫిలు. ఆ రైఫిలును చూసుకున్నంత మురిపెంగా నన్ను చూసుకుని ఉంటే నేను ఇంకో పదేళ్లు పడుచుగా ఉండేదాన్ని. ఈ మాట ఆయన ముఖం మీదే చాలాసార్లు అన్నాను. నవ్వి, గుడ్డ తీసుకుని గొట్టం తుడుచుకునేవాడు.

చిక్కంతా ఆయన భుజంతో వచ్చింది. మర్రిగూడలో చుట్టాలింటికి పోయి వస్తూ బైకు మీద నుంచి పడ్డాడు. కుడి జబ్బ దగ్గర బొక్క విరిగింది. అతుక్కుందని దవాఖానలో చెప్పారు గానీ, విరిగింది సరిగ్గా తుపాకి మడమ, అంటే వెనక కట్టె చివర, ఆనే చోటే. రైఫిలు పేలినప్పుడు వెనక్కి తన్నే తన్ను అక్కడే పడుతుంది. బ్యాంకు వాళ్లేమో ఏటా దసరా దాటగానే గార్డుల చేత అయిదు తూటాలు పేల్పిస్తారు. మూడన్నా గురి అట్టకు తగలాలి. లేకపోతే నౌకరీ పోతుంది. ఆ వయసులో ఇంకో నౌకరీ ఎవరిస్తారు?

ఒకరోజు పొద్దున్నే ఖాళీ రైఫిలు ఎత్తి సాధన చేస్తున్నాడు. చాయ్ ఇవ్వబోయి చూశాను. మీట నొక్కే ముందే కళ్లు గట్టిగా మూసుకుంటున్నాడు.

"ఏందయ్యా, కండ్లు మూస్తున్నవ్?"

"ఎవరు? నేనా? పో, నీ పని చూస్కో పో."

మంచుకొండల్లో కాపలా కాసిన మనిషి, ఇంట్లో ఖాళీ తుపాకికి భయపడుతున్నాడు. ఆ మాట పైకి అంటే చచ్చిపోతాడని ఊరుకున్నాను.

నేను బొంతలు కుడతాను. పాత చీర పేలికలు నాలుగు మడతలేసి, తుపాకి మడమకు సరిపోయేలా తొడుగు కుట్టాను. దాన్ని చూసి ఎగిరిపడ్డాడు.

"తుపాకికి టోపీ కుట్టినవా? బ్యాంకుల నా ఇజ్జత్ ఏం గావాలె?"

టోపీ వద్దన్నాడు గానీ మెత్త వద్దనలేదు. అది నాకు చాలు. మరుసటి వారమే నల్లగొండ బస్సెక్కించాను. అక్కడ తుపాకులు బాగుచేసే లైసెన్సు దుకాణం ఉంది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు. తెల్లగడ్డం, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. సంగతి వినగానే మడమకు బిగించే రబ్బరు ప్యాడులు మూడు తీసి బల్ల మీద పెట్టాడు. నేను మూడింటినీ బొటనవేలితో నొక్కి చూసి, అన్నిటికన్నా మెత్తటిది తీసుకున్నాను.

"గది కాదమ్మా," అన్నాడు ఉస్తాద్. "మరీ మెత్తగుంటె ఒక్క తన్నుకే అణిగిపోతది. మల్ల కట్టె వచ్చి బొక్కకే తగుల్తది. గీ నడిమిది తీస్కో. జర అణుగుతది, జర ఆగుతది."

ఉస్తాద్ మా ఆయన చేత చేయి మడతపెట్టించి, మోచేతి మడతలో మడమ ఆనించి, చూపుడువేలు మీట మీద ఎక్కడికి వస్తుందో చూశాడు. తర్వాత పెన్సిలుతో కట్టె మీద గీత గీశాడు. ప్యాడు ఎంత మందం ఉంటే అంత కట్టె కోసేయాలట. లేకపోతే తుపాకి పొడుగైపోయి, ఎత్తినప్పుడు అంగీకి తట్టుకుంటుందట.

"కట్టె కోస్తరా?" మా ఆయన రైఫిలును గుండెకు హత్తుకున్నాడు. "ఏటేటా పూజ చేసిన కట్టె ఉస్తాద్!"

"నీ బొక్క మల్ల ఇరిగితె దానికి పూజ చెయ్యాల్నా?" అన్నాను. "కొయ్యండి ఉస్తాద్, నేను చెప్తున్న."

కోస్తున్నంతసేపూ ఆయన వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. ఉస్తాద్ మరలకు సబ్బు రాసి ప్యాడులోకి దూర్చి బిగించాడు. అంచులు కట్టెతో సమానమయ్యేదాకా అరగదీశాడు. నేను నల్లా దగ్గర నీళ్లు తాగి వచ్చేసరికి ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. మా ఆయన రైఫిలు ఎత్తి చూశాడు. ఆ ముఖంలో వెలుగు చూసి బస్టాండులో మిర్చి బజ్జీలు నేనే కొనిపెట్టాను.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ నాదే. కత్తెర, కుట్టుమిషను, రైఫిలు వరసగా పెట్టాను. అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాక చూస్తే ఆ కొత్త రబ్బరు దుమ్ము కొట్టుకుని వెలవెలబోతోంది. ఆయన జబ్బను కాపాడేది ఇదే కదా అని, చంటిపిల్లకు పట్టించినట్టు నువ్వుల నూనె పట్టించాను. నల్లగా నిగనిగలాడింది. జమ్మి ఆకు తెచ్చిన ఆయన దాన్ని వేలితో ముట్టి చూసి, ఆ వేలిని అంగీకి తుడుచుకున్నాడు.

"మంచిగ మెరుస్తాంది," అన్నాడు.

మరునాడు ఆయన సబ్బునీళ్లతో ప్యాడును రుద్దుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దేవుని పసుపు కడుగుతవా? కండ్లు పోతయ్!" అని అరిచాను. ఆయన గుడ్డ పక్కన పెట్టేశాడు.

తూటాలు పేల్చిన రోజు మధ్యాహ్నానికే ఇల్లు చేరాడు. "మూడు తగిలినయ్. పాస్," అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. అన్నం కలిపి పెట్టమన్నాడు. చేయి జర తిమ్మిరెక్కిందట. ఉప్పు కాపడం పెడతాను, అంగీ విప్పమంటే వద్దన్నాడు. ఆ సంతోషంలో నేనూ పట్టించుకోలేదు.

ఏడాది తిరిగేసరికి ప్యాడు జిగురై అంగీకి అంటుకోసాగింది. మళ్లీ నల్లగొండ పోయాం. ఉస్తాద్ వేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నూనె పూసిన్రా? పోయినసారే చెప్పిన గదా సాబ్! నూనె తగిల్తె రబ్బరు జబ్బ మీద నిలువది, జారుతది, రేపు ముద్దయితది అని. ఇంట్ల గూడ చెప్పుమన్న."

"నేనే పూసిన ఉస్తాద్," అన్నాడు మా ఆయన. "యాది మర్చిన."

"అబద్ధం," అన్నాను నేను. "పూసింది నేను. కడగబోతె తిట్టింది గూడ నేనే." ఉస్తాద్ మా ఇద్దరినీ చూసి, కొత్త ప్యాడు వెతకడానికి లోపలికి పోయాడు.

"తూటాలు కొట్టిన దినం ఏమైంది?" అని అడిగాను.

"ముందుగాల రెండు తూటాలకు మడమ జారి చంకలకు దిగింది, గురి తప్పింది. తర్వాత ఇరిగిన కాడికే గట్టిగ గుంజి పట్టుకొని కొట్టిన."

"కండ్లు మూసినవా?"

"మూస్తె తగుల్తయా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు మల్ల దసరాకు పూజల దాన్ని ముట్టవు," అన్నాడు.

ఇంటికి రాగానే పొయ్యి వెలిగించి ఉప్పు వేయించాను. గుడ్డలో మూటగట్టి, అంగీ విప్పించి, ఆ అతుకుల జబ్బ మీద పెట్టాను.

"నొప్పి పోయి ఏడాదాయె, పిచ్చిదానా," అని నవ్వాడు.

నేను ఏడుస్తూ చేయి తీయబోయాను. ఆయన నా చేతి మీద చేయి వేసి, "ఉండనియ్," అన్నాడు.