బస్రాలో నీళ్ళు పోసిన తాత

మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి, ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో నేను వంట చేసే ఇంటి వెనక, ఖర్జూరపు చెట్ల మధ్య పనిచేసే గుల్ భాయ్ తన నీళ్ళ సీసాకి తడిపిన గోనెముక్క చుట్టి, నరికిన మట్ట మొదలుకి వేలాడదీస్తాడు. పొగ పోవడానికని నేను వంటగది కిటికీ తెరవగానే వేడిగాలితో పాటు ఆ తడిగోనె వాసన కూడా లోపలికి వస్తుంది. పొయ్యి మీద పెట్టిన ఎసరు సంగతి మరిచిపోయి ఒక్క క్షణం అలా నిలబడిపోతాను. ఇంట్లో ఎన్ని ఫ్రిజ్‌లున్నా, ఎన్ని రకాల చల్లటి నీళ్ళున్నా, నా లెక్కలో చల్లదనానికి వాసన అంటూ ఉంటే అదే. అది మా తాత చాగల్ వాసన.

చాగల్ అంటే మందపాటి కాన్వాసు గుడ్డతో కుట్టిన నీళ్ళ సంచి. గోదావరి పాయ పక్కనున్న మా పేటలో, మా ఇంటి అరుగు మీద, చూరు వాసానికి కట్టిన తాడుకి అది పగలంతా వేలాడుతూ ఉండేది. గుడ్డలోంచి చెమ్మ ఊరి బయటంతా తడిసేది, ఆ తడికి గాలి తగిలి లోపలి నీళ్ళు కుండలో నీళ్ళకన్నా చల్లబడేవి. పటాలం నుంచి తాత తెచ్చుకున్న అసలు సంచి నేను పుట్టకముందే పీలికలైపోయిందట. దాని కొలతలు పట్టుకెళ్ళి రాజమండ్రిలో గుడారాలు కుట్టే సాయిబు చేత నాలుగైదేళ్ళకోసారి కొత్తది కుట్టించుకునేవాడు. కొయ్యమూత మాత్రం బస్రా నుంచి వచ్చిందే, దాని అంచు అరిగి నున్నగా మెరుస్తూ ఉండేది.

మా తాత పేరు జకరయ్య. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లదొరల సైన్యంలో చేరి, బొంబాయిలో ఓడెక్కి, ఇరాక్‌లోని బస్రాలో దిగాడు. ఇంటికొచ్చి నలభై ఏళ్ళు దాటినా ఆయనలో సగం అక్కడే ఉండిపోయినట్టుండేది. తెల్లారకముందే లేచి, దుప్పటిని గళ్ళకి గళ్ళు కలిసేలా నాలుగు మడతలు పెట్టి, పగిలిన అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుని, చెప్పులు దులిపి మరీ వేసుకునేవాడు. తేళ్ళుంటాయని. మా అరుగు మీద తేలు కనిపించిన పాపాన పోలేదు గానీ, మా ఇంట్లో పిల్లాపెద్దా అందరికీ ఆ దులపడం అలవాటైపోయింది, నేను ఇప్పటికీ దులుపుతాను.

మా ఎండాకాలాలు తాటిముంజెలతో మొదలై మామిడిపళ్ళ రసం మోచేతుల దాకా కారడంతో ముగిసేవి. వర్షాలు పడ్డాక మామ్మ తాటిపండు గుజ్జు పిసికి, బియ్యపు రవ్వా బెల్లమూ కలిపి, ఇత్తడి గిన్నెలో పోసి, పైనా కిందా నిప్పులు పెట్టి రొట్టె కాల్చేది. ఆ కమ్మటి వాసనకి గచ్చకాయల ఆట ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళం. క్రిస్మస్‌కి పాకుండలు వండే వారం రోజులూ మా జుట్టు కూడా బెల్లపు పాకం వాసనే వేసేది. ఏ కాలమైనా, ఏ ఆట ఆడి వచ్చినా, చివరికి అందరం చేరేది ఆ చాగల్ కిందికే.

అయితే చాగల్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు, తాతే పోయాలి. తెల్ల ఎనామిల్ మగ్గు ఒకటి ఉండేది, అంచున నల్లగా పెచ్చులూడిపోయి. వరసలో నిలబడిన వాళ్ళకి ఒక్కొక్కరికీ ఒకే కొలత. నేను ఆయన ముద్దుల మనవరాలిని, ఇంటికి ఆఖరు పిల్లని, అయినా నాకూ అంతే. పోసేటప్పుడు ఆయన మా మొహాల వైపు చూసేవాడు కాదు, మగ్గు వైపే చూసేవాడు. అందరూ తాగాక మిగిలింది తాను తాగేవాడు. ఎప్పుడైనా చేతిలో పని వదల్లేక నన్ను పొయ్యమంటే, "మొహం చూడమాకే రూతూ, మగ్గు చూడు" అనేవాడు. పటాలం పిచ్చి అని మామ్మ గొణిగేది. నేనూ అదే అనుకున్నాను.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆ పిచ్చికి కారణం తెలిసింది, తెలియడానికి ముందు నేను చేయకూడని పని ఒకటి చేశాను.

మా బడిలో పిల్లలు గొప్పలు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఒకడి నాన్నకి లాంచీ ఉంది, ఇంకొకతి మేనమామకి కిరాణా కొట్టుంది. నాకున్నది తాత. కాబట్టి మా తాత ఎడారిలో జర్మనీవాళ్ళని తుపాకీతో కాల్చి చంపాడని చెప్పాను, మొదట ఇద్దరినని, వారం తిరిగేసరికి ఇరవై మందినని. అది ఆ నోటా ఈ నోటా పడి హెడ్మాస్టారి దాకా వెళ్ళింది. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని ఆయన తాతని పిలిపించారు.

తాత ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. పప్పుబెల్లాల పొట్లాల కోసం ఎదురుచూస్తున్న పిల్లల ముందు నిటారుగా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నేను తుపాకీ పేల్చలేదండి. లారీ తొట్టిలో నీళ్ళు తెచ్చి, వరసలో వచ్చినోళ్ళకి మగ్గుతో కొలిచి పోసేనండి. ఐదేళ్ళూ అదే పనండి."

కుర్చీలో కూర్చున్న ఊరి పెద్ద ఒకాయన నవ్వి, "అంటే దొరలకి నీళ్ళు మోసొచ్చావన్నమాట, జకరయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. తాతకి కోపం రాలేదు. "ఆయ్. దొరలకీ పోసేనండి, మనోళ్ళకీ పోసేనండి" అని చెప్పి, సెల్యూట్ కొట్టి, దిగిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. నా పొట్లం ఎవరికో ఇచ్చేసి ఇంటికి పరిగెత్తాను. అరుగు మీద కొత్తగా నింపిన చాగల్ వేలాడుతోంది. కొయ్యమూత పీకి, సంచిని వంచి, ఒక్క చుక్క మిగలకుండా నీళ్ళన్నీ మట్టిలో పారబోశాను. ఎండకి ఆ తడి ఆరేలోపే తాత వచ్చాడు. ఖాళీ సంచినీ, నన్నూ చూశాడు. మామ్మ నన్ను నాలుగు తిట్టి, పంపు దగ్గరికి బిందె తీసుకుని బయల్దేరబోతే ఆపేశాడు.

"వద్దే. ఇయ్యాల్టి నా నీళ్ళు అయిపోయేయి."

అది బస్రా ఎడారిలో రూలట. ఒలకబోసుకున్న నీళ్ళకి బదులు తొట్టిలోంచి మళ్ళీ ఇచ్చేది లేదు. ఆ రోజంతా తాత నీళ్ళు ముట్టుకోలేదు. వానలు మొహం చాటేసిన ఆగస్టు అది, ఉక్కపోత. దడి కట్టే పని మొదలుపెట్టి ఎండలోనే ఉన్నాడు. మధ్యాహ్నానికి పెదాలు తెల్లగా పెచ్చులుగట్టాయి. నేను గ్లాసుతో నీళ్ళు తీసుకెళితే తల అడ్డంగా ఊపాడు. నా మీద కోపంతోనే తాగడం లేదనీ, ఇలాగే ఎండిపోయి చచ్చిపోతాడనీ నాకు భయం పట్టుకుంది. నీళ్ళు నింపిన గ్లాసు పట్టుకుని ఆయన వెనకే తిరుగుతూ ఏడ్చాను.

పొద్దుగూకి అన్నాలకి కూర్చున్నప్పుడు మామ్మ తాత మగ్గు తెచ్చి, తన గ్లాసులోంచి ఒక్క గుక్కెడు అందులో పోసింది. నాన్న ఒక గుక్కెడు పోశాడు, అమ్మ ఒకటి, అన్నయ్య ఒకటి. ఒకడి నీళ్ళు పోతే తోటివాళ్ళు తమ వాటాలోంచి తలా గుక్కెడు పోయడం కూడా అక్కడి రూలేనని మామ్మకి తెలుసు. మగ్గు నా దగ్గరికి వచ్చింది. నేను నా గ్లాసు మొత్తం వంచేశాను. తాత అందులోంచి తిరిగి నా గ్లాసులోకి పోసి, "గుక్కెడు చాలే. నీకూ దప్పికేత్తాది" అన్నాడు. అప్పుడు తాగాడు. ఆయన గొంతులో నీళ్ళు దిగుతున్న చప్పుడు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

తాగాక చెప్పాడు. తన చిన్నతనంలో ఊరి నూతి మీద మా పేట వాళ్ళు చెయ్యి వేయకూడదు. చేద తాకకూడదు. దోసిలి పట్టి ఎంతసేపైనా నిలబడితే, వచ్చినవాళ్ళలో దయగలవాళ్ళెవరో పైనుంచి పోసేవారు. "ముందు మొహం చూసేవోరు. ఆ తర్వాతే నీళ్ళు" అన్నాడు. బస్రా దాటి ఎడారిలో ఆయనకి లారీ అప్పజెప్పినప్పుడు, మనవైపు నుంచి వచ్చిన సిపాయిల్లోనే కొందరు ఆయన పేరూ పేటా ఆరా తీసి, ఆ చేతి నీళ్ళు వద్దని పక్క లారీకి వెళ్ళేవారట. ఒకరోజు గాలిదుమారంలో ఆ పక్క లారీ రాలేదు. సాయంత్రానికి వాళ్ళంతా వచ్చి తాత ముందు మగ్గులు పట్టుకుని నిలబడ్డారు.

"ఆ రోజు నేను మొహాలు చూడలేదే. చూత్తే చెయ్యాగిపోద్ది. మగ్గులే చూసేను."

ఆ తర్వాత మా చరిత్ర పుస్తకంలో ఆ యుద్ధం పాఠం వచ్చింది. సైన్యాధిపతుల పేర్లున్నాయి, ఓడల పేర్లున్నాయి, నీళ్ళు పోసినవాళ్ళ ఊసు లేదు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. ఎవరడిగినా మా తాత బస్రాలో నీళ్ళు పోశాడని చెప్పేదాన్ని, సంఖ్య పెంచకుండా.

పదిహేనేళ్ళ కిందట నేను తాత ఓడలో దాటిన ఆ సముద్రం మీదుగానే ఈ దేశం వచ్చాను. ఈ ఇంటి ప్రహరీగోడకి వీధివైపు ఒక నీళ్ళ కూలర్ ఉంది. దారిన పోయేవాళ్ళ కోసం ఇక్కడ చాలా ఇళ్ళకి పెట్టిస్తారు. దాన్ని కడిగి శుభ్రంగా ఉంచే పని నాది. కరోనా వచ్చిన ఏడాది, జబ్బు అంటుకుంటుందన్న భయంతో దానికి ప్లాస్టిక్ చుట్టి కట్టేశారు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సామాన్లు చేరవేసే కుర్రాడొకడు బండి ఆపి, ప్లాస్టిక్ మీదనుంచే కుళాయి నొక్కి చూసి, వెళ్ళిపోవడం మేడ మీది నా గది కిటికీలోంచి చూశాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఇంటి యజమానురాలిని మేం ఇక్కడి వాడుకలో మామా, అంటే అమ్మా అని పిలుస్తాం. ఇంట్లో ముసలివాళ్ళున్నారు, అడిగితే ఏమంటుందో, ఉన్న పని ఊడుతుందో అనుకుంటూనే, గోడ బయట నీళ్ళ సీసాలు పెడతానని అడిగాను.

"నీకు తెలిసినవాళ్ళా?" అంది.

"కాదు మామా. ఎవరో."

"తయ్యిబ్" అంది, సరే అని. అట్టపెట్టెలో సీసాలు పేర్చి, గుల్ భాయ్ దగ్గర తీసుకున్న గోనె తడిపి కప్పి, గోడ నీడన పెట్టాను. సాయంత్రానికి పెట్టె ఖాళీ. మర్నాడు మామా తనే ఒక నీళ్ళ కార్టన్ మోసుకొచ్చి వంటగది గుమ్మంలో పెట్టింది, మాస్కులోంచి ఏదో దువా గొణుక్కుంటూ.

ఇప్పుడు కూలర్ మళ్ళీ నడుస్తోంది. మా పేటలో అరుగు లేదు, చాగల్ లేదు. తాత పోయాక ఆ సంచిని అమ్మ కొన్నాళ్ళు బియ్యం డబ్బా మీద కప్పింది, తర్వాత అది ఏమైందో ఎవరికీ గుర్తులేదు. గుడారాలు కుట్టే సాయిబు కొట్టు లేదు. కొయ్యమూత నేను వెతికాను, దొరకలేదు. ఊళ్ళో ఇప్పుడు నీలం రంగు క్యాన్లలో నీళ్ళు వస్తున్నాయి. నేను పారబోసిన ఆ నీళ్ళకి తాత నన్నొక్క మాట అనకపోగా, తన మగ్గులో గుక్కెడు పోయనిచ్చాడు. అంతకన్నా పెద్ద బహుమతి నాకెవరూ ఇవ్వలేదు. ఆ మాట ఆయన బతికుండగా చెప్పాల్సింది.

ఇది రాస్తుంటే గోడ అవతల ఎవరో కుళాయి నొక్కిన చప్పుడు వినబడుతోంది. సీసా నిండుతోంది. కిటికీ తెరిస్తే మనిషి కనిపిస్తాడు. నేను తెరవలేదు. చప్పుడు ఆగాక, లేచి నా గ్లాసు నింపుకున్నాను.