ఇరవై తొమ్మిదో ఏట మొటిమలు

ఆ రోజుల్లో తెల్లవారడమంటే నాకు మంచులోంచి మాటలు వినబడడమే. విశాఖ రేవులో ఓడల మీంచి కంటైనర్లు దించే ఒక ప్రైవేటు కంపెనీలో, కంట్రోల్ రూములో ఉద్యోగం నాది. గాజువాకలో షేరాటో ఎక్కి, డాల్ఫిన్ కొండ మీద లైట్‌హౌస్ ఇంకా రెప్పలార్పుతుండగానే వెళ్లి సీట్లో కూర్చునేదాన్ని. అద్దాల అవతల సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలయిందో తెలిసేది కాదు. అంతా పాలు ఒలికిపోయినట్టుండేది. ఆ తెలుపులోంచి, చేతిలోని వాకీటాకీలో గరగరమని కాసేపు చప్పుడై, తర్వాత ఒక గొంతు మెల్లగా వచ్చేది. "కంట్రోల్, ఏడో నంబరు. రెడీ అండీ." ఎక్కడో పైన, మబ్బుల్లో వేలాడుతున్న ఏడో నంబరు క్రేన్ క్యాబిన్‌లోంచి మాట్లాడే మనిషి. ఆయన ఎలా ఉంటాడో నాకు తెలియదు, నేనెలా ఉంటానో ఆయనకు తెలియదు. ఏ పెట్టె ఎక్కడ దించాలో నేను చెప్పేదాన్ని, ఆయన దించేవాడు. గాలి ఎక్కువైతే "ఏడో నంబరు, ఆపండి" అనేదాన్ని, "ఆపేశాను, కంట్రోల్" అనేవాడు. ఇంతే మా సంభాషణ. (ఇంత చిన్న సంభాషణను ఇంటికి తీసుకెళ్లి అన్నం తింటూ కూడా నెమరేసుకునేదాన్నంటే, నా పరిస్థితి మీకు అర్థమయ్యే ఉంటుంది.)

నా అందమైన గొంతు అలా గాల్లో తేలుతుండగా, నా ముఖం మాత్రం నేల మీద నానా అవస్థలూ పడుతోంది. పదహారో ఏట అందరికీ వచ్చే మొటిమలు నాకు రాలేదు. కాలేజీలో స్నేహితురాళ్లు అద్దాల ముందు కన్నీళ్లు పెట్టుకుంటుంటే నేను నున్నటి బుగ్గలేసుకుని తిరిగాను, కాస్త గర్వంగానే తిరిగాననుకోండి. అవి ఆలస్యంగా నడిచే రైలులా ఇరవై తొమ్మిదో ఏట వచ్చి, ఒక్కసారిగా ప్లాట్‌ఫారం నిండా దిగాయి. బుగ్గల మీద, గడ్డం మీద, నుదుటి మీద. అన్నిటికన్నా పెద్దది ముక్కు చివర. అది ఎరుపు దీపంలా వెలుగుతుంటే, దాన్ని చూసి ఏ ఓడైనా దారి మళ్లుతుందేమోనని భయం వేసేది.

సలహాలకు మాత్రం కొదవ లేదు. చర్చి పాటల బృందంలో నా వెనక నిలబడే ఆంటీ, పాటకీ పాటకీ మధ్య ఒంగి, "టూత్‌పేస్టు రాయమ్మా, తెల్లారేసరికి ఎండిపోతాది" అని చెవిలో చెప్పింది. రాశాను. తెల్లారేసరికి మొటిమ అలాగే ఉంది, దాని చుట్టూ చర్మం మాత్రం ఎండిపోయింది. షేరాటోలో పక్కన కూర్చున్న, పేరు కూడా తెలియని ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "వేడి సేసింది. సబ్జా గింజలు తాగమ్మా" అంది. తాగాను. ఇంట్లో అసలు వైద్యురాలు మా పెద్దమ్మ. అమ్మకు అక్క, మాతోనే ఉండేది. ఆవిడకు రెండే రెండు నమ్మకాలు: ఒకటి ప్రార్థన, రెండు పూర్ణా మార్కెట్‌లో ఆవిడకు తెలిసిన మూలికల కొట్టు.

"వయసులో రావలసినవి గాని, ఇప్పుడేటే ఇవి? గుంటదాని మొకం సూడు, ఎలాగైపోయిందో" అని నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పేది. జాజికాయ అరగదీసింది. వేపాకు నూరింది. నూరిన ప్రతిసారీ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ మొకం మీద కాస్త దయ చూపించు" అని పైకే ప్రార్థించేది. ప్రభువుకు అంతకన్నా పెద్ద పనులుంటాయని అమ్మ అంటే, "ఆయనికి పెద్ద పనీ సిన్న పనీ ఏటుంతాది, అన్నీ ఆయన పనులే కదేటి" అని గదిమేది.

ఇలా ఉండగా మా కంపెనీలో సేఫ్టీ వారోత్సవం వచ్చింది. ఆ ఏడాది ఉత్తమ క్రేన్ ఆపరేటరు బహుమతి ఏడో నంబరుకే. అది వినగానే నాకే వచ్చినంత సంబరపడ్డాను. ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మా మేనేజరు గారికి ఒక ఆలోచన వచ్చింది. "రోజూ ఆయనకి దారి చెప్పేది నువ్వే కదమ్మా. స్టేజీ మీద మెమెంటో నీ చేతుల మీదుగా ఇప్పిద్దాం. గొంతూ గొంతూ కలిసినట్టుంటుంది" అని, తన ఆలోచనకు తనే మురిసిపోయి నవ్వారు. గొంతూ గొంతూ రోజూ కలుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఆయన కలవబోయేది ఈ ముక్కును.

సంగతి చెబితే పెద్దమ్మ నడుం బిగించింది. పూర్ణా మార్కెట్‌కు వెళ్లి పసుపు కొమ్ములు, కచ్చూరాలు, ఇంకా ఆవిడకూ ఆ కొట్టాయనకూ తప్ప ఇంకెవరికీ తెలియని ఏవేవో వేళ్లు పట్టుకొచ్చింది. సభకు ముందురోజు సాయంత్రం అన్నీ కలిపి ముఖానికి మందంగా పట్టించి, "పొద్దున్న లేసి కడుక్కుంటే బంగారంలాగ ఉంతావు" అంది. ఆవిడ మాట అక్షరాలా నిజమైంది. పొద్దున్న కడుక్కుంటే నా ముఖం నిజంగానే బంగారం రంగులో ఉంది. శనగపిండితో రుద్దాను, సబ్బుతో రుద్దాను, కొబ్బరి నూనెతో రుద్దాను. మెడ వరకు నేను నేనే, ఆపైన ఎవరో మామిడి పండు. ఆ పసుపు మధ్యలో ముక్కు మీది ఎరుపు ఇంకా శోభగా కనిపిస్తోంది. "కాస్త ఎక్కువ పడినట్టుందే" అని పెద్దమ్మ మెల్లగా వంటింట్లోకి జారుకుంది.

మేనేజరు గారికి ఫోన్ చేసి, గొంతు పోయింది, రాలేనని బొంగురుగా చెప్పాను.

"మెమెంటో ఇవ్వడానికి గొంతెందుకమ్మా? చేతులున్నాయి కదా!" అన్నారాయన.

"జ్వరం కూడా వచ్చిందండీ" అని పెట్టేసి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. ముసుగులో నాకు ఆ సభంతా కనిపిస్తూనే ఉంది. స్టేజీ, పూలు, మంచులోంచి నడిచి వస్తున్న ఒక పొడుగాటి మనిషి, అతనికి మెమెంటో ఇస్తున్న నున్నటి బుగ్గల అమ్మాయి. ఆ అమ్మాయి మీద నాకు చెప్పలేనంత అసూయ కలిగింది.

సాయంత్రం కంట్రోల్ రూమ్‌లోని సీనియరక్క ఫోన్ చేసింది. "నువ్వు రాకపోయినా నష్టం లేదులే. ఏడో నంబరూ రాలేదు. మేనేజరు గారు ఇచ్చారు, ఫోర్‌మన్ పుచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు సూసుకుని ఫొటో దిగేరు" అంది. ఆయనెందుకు రాలేదో ఆవిడకూ తెలియదు. ఇంకో సంగతి మాత్రం చెప్పింది. ఏడో నంబరును దక్షిణాన ఏదో కొత్త పోర్టు వాళ్లు పిలుస్తున్నారట, వెళ్లిపోయేలాగున్నాడని క్యాంటీన్‌లో అనుకుంటున్నారట. ఫోన్ పెట్టేశాను. ఆ గొంతు లేని మంచు ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఉత్త చలిగా మాత్రమే ఉంది.

పసుపు కొంత దిగాక, పెద్దమ్మకు చెప్పకుండా సీతమ్మధారలో ఒక చర్మ డాక్టరు దగ్గరకు వెళ్లాను. కళ్లు తప్ప మరేమీ కనిపించకుండా ముఖానికి చున్నీ చుట్టుకుని, వెయిటింగ్ హాల్లో ఒక మూల కూర్చున్నాను. కిటికీలోంచి సాయంత్రపు ఎండ నీరసంగా పడుతోంది. ఫ్యాను గాలికి గోడ మీది క్యాలెండరు ఊగుతోంది. నిద్రలాంటి ఆ నిశ్శబ్దంలో నా పక్క కుర్చీలోంచి ఒక గొంతు కౌంటరు అమ్మాయితో, "మేడమ్, నా నంబరు బేగి ఒత్తాదేటండీ?" అంది.

మబ్బుల్లోంచి వినబడే గొంతు, ప్లాస్టిక్ కుర్చీలోంచి వినబడింది. ఓరకంట చూశాను. టోపీ కనుబొమల దాకా దించుకున్న ఒకతను. నేననుకున్నంత పొడుగు కాదు. గడ్డం మీద, దవడల మీద, హెల్మెట్ పట్టీ ఒరుసుకునే చోటల్లా మొటిమలు. నాకన్నా రెండాకులు ఎక్కువే.

అప్పుడే కౌంటరులోని అమ్మాయి నన్ను పిలిచింది. "ప్రాబ్లమేటి మేడమ్?" నోరు తెరవబోయి మూసేసుకున్నాను. ఒక్క మాట అన్నానా, ఆయన గుర్తుపట్టేస్తాడు. చేత్తో ముఖం చుట్టూ సున్నా చుట్టి చూపించాను. "వయసు?" వేళ్లతో చూపించాను. ఆ అమ్మాయి జాలిగా, "మాటలు రావేటమ్మా?" అంది. తల ఊపేశాను. (ఎందుకు ఊపానో దేవుడికే తెలియాలి. ఒక్కసారి ఊపాక ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.)

హాలంతా నా మీద జాలి కురిసింది. ఏడో నంబరు లేచి, ఫ్యాను కిందున్న తన కుర్చీ నాకిచ్చాడు. "పాపం, ముందు ఆ అమ్మాయిని పంపండి మేడమ్, నాను తర్వాత ఎల్తాను" అన్నాడు. అంతటితో ఊరుకోక, తన మొటిమలు చూపించి, నా చున్నీ వైపు చూపించి, "మీకూ ఇవేనా?" అన్నట్టు సైగ చేశాడు. అవునన్నట్టు సైగ చేశాను. తన నుదుటి మీద చేత్తో కొట్టుకున్నాడు. నేనూ కొట్టుకున్నాను. రోజూ నా మాట మీద టన్నుల బరువులు దించే మనిషితో అలా మూగసైగలు చేస్తూ కూర్చున్నాను. నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. నాకు వినపడదు కూడా అనుకున్నాడేమో, గొంతు తగ్గించకుండానే మాట్లాడాడు.

"ఆఁ అమ్మా. దాట్రు కాడున్నాను... మొటిమలకేనే... ప్రైజు నాను తీసుకోలేదమ్మా. స్టేజీ మీద ఆ కంట్రోలు అమ్మాయి ఇత్తాదన్నారు. ఈ మొకమేసుకుని ఆ అమ్మాయి ముందుకి ఎలాగెల్తాను?... నీకు తెల్దే. పొద్దున్న మంచు కమ్మీసిందంటే కింద ఏటీ అవుపడదు. ఆ గొంతొక్కటే ఉంతాది. అది పట్టుకునే పెట్టె దించుతాను... ఏటి సెయ్యమంటావు? ఆ కొత్త పోర్టోళ్లకి ఒత్తానని సెప్పేత్తాను. రేపే సెప్పేత్తాను."

అప్పుడు నేనేమీ ఆలోచించలేదు. ముక్కు గుర్తులేదు, పసుపు గుర్తులేదు, మూగదాన్నన్న సంగతీ గుర్తులేదు. నోటికి అలవాటైన మాట దానంతటదే బయటికొచ్చింది.

"ఏడో నంబరు, ఆపండి!"

"ఆపేశాను, కంట్రోల్" అన్నాడాయన, చేతిలో ఫోనుతోనే.

ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. ఫోనులోంచి వాళ్లమ్మ, "ఎవుల్రా అది? ఒరే, ఎవుల్రా?" అని అడుగుతూనే ఉంది. కౌంటరు అమ్మాయి పెన్ను కింద పడేసుకుంది. ఎదురుగా చేతికి కట్టు కట్టుకుని కూర్చున్న పెద్దాయన ఒకరు పక్కావిణ్ని తట్టి, "సూసేవా? ఇంకా లోపలికెల్లకుండానే మాటలొచ్చీసినాయి. ఏం దాట్రండీ బాబూ!" అన్నారు, చేతులు జోడిస్తూ.

ఇంక దాచడానికి ఏముంది? చున్నీ తీసేశాను. చెవుల దగ్గర ఇంకా పసుపే, ముక్కు మీద అదే దీపం. ఆయన చూసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "జొరం తగ్గిందా అండీ?" అని మాత్రం అడిగాడు.

డాక్టరమ్మ ఇద్దరికీ వేర్వేరుగా ఒకటే చెప్పింది. ఈ వయసులోనూ చాలామందికి వస్తాయని, ఇంట్లో నూరేవన్నీ ఆపెయ్యమని, ఇచ్చిన ట్యూబు రాసుకుని ఓపిక పట్టమని. బయటికొచ్చి కింద జ్యూస్ కొట్టులో కూర్చున్నాం. అక్కడ, మీరు నమ్మరు, ఒక్క మాట రాలేదు. చేతిలో వాకీటాకీ లేకుండా ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. బత్తాయి రసం తాగడం కూడా అయిపోయింది. ఆయన గ్లాసు లోపలికి చూస్తూ, "ఎల్లనులెండి" అన్నాడు. నేను "సరేనండీ" అన్నాను. ఆ రెండు మాటలే వెచ్చగా పట్టుకుని గాజువాక బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, చున్నీ లేకుండా, ఊరంతటికీ నా ముక్కు చూపించుకుంటూ వెళ్లాను. ఎవరూ చూడలేదు. ఎవరి తొందరలో వాళ్లున్నారు.

ఆయనే మా ఆయనని మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. పొలం పనులు చేసుకునే వాళ్ల కుటుంబం, ఆదివారం తప్పకుండా చర్చికెళ్లే మా కుటుంబం ఒకరికొకరు అలవాటు పడడానికి చాలా కాలమే పట్టింది. ఈ సంబంధానికి మొదట ఊఁ అన్నది మా పెద్దమ్మే. "మొకం సూసి కాదు, మాట ఇని మెచ్చుకున్నోడు. ఇంకేటి కావాలి?" అంది. (పసుపు పూయడంలో తన పాత్ర గురించి మాత్రం ఈనాటికీ ఒప్పుకోదు.)

పెళ్లినాటికి మొటిమలు చాలావరకు తగ్గాయిగానీ పూర్తిగా పోలేదు. అందుకే ఫొటోలాయనకు గట్టిగా చెప్పాను, "ఆల్బంలో ఒక్క మచ్చ కనిపించకూడదు" అని. ఆయన బహు శ్రద్ధగా పనిచేశాడు. నా మొటిమలు, మా ఆయన గడ్డం మీది గుంటలు, పెద్దమ్మ ముడతలు, చివరికి మా అమ్మ పెదవి పక్కనున్న పుట్టుమచ్చ కూడా తుడిచేశాడు. అందరం ఒలిచిన ఉడకబెట్టిన గుడ్లలా నవ్వుతూ ఉంటాం. ఆల్బం చూసి అప్పట్లో ఎంత పొంగిపోయానో!

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడుతోంది. మొటిమలు ఎప్పుడు వెళ్లిపోయాయో తెలియదు, చెప్పి వెళ్లలేదు. ఏ మధ్యాహ్నమో ఊరికే తోచక ఆ ఆల్బం తీస్తాను. పేజీ తర్వాత పేజీ తిప్పుతూ, జ్వరమని అబద్ధమాడి దుప్పట్లో దూరిన ఆ వెర్రి పిల్ల కోసం వెతుకుతాను. నున్నటి బుగ్గలతో ఎవరో అందమైన అమ్మాయి కనిపిస్తుంది. ఆమెను నేనెరగను. ఫొటోను వెలుతురు వైపు తిప్పి, ముక్కు చివర వేలితో తడిమి చూస్తాను. కాగితం చల్లగా, నునుపుగా తగులుతుంది. ఆ ఒక్కటీ ఉంచమని చెప్పి ఉండవలసింది.