మా నాన్న గుర్రాల శనివారాలు

మా చిన్నతనంలో వేసవి శనివారం అంటే... పొద్దున్నే అమ్మ పులిహోర కలిపేది, నాన్న కూలర్‌లో మజ్జిగ సీసాలు సర్దేవాడు, నేను అందరికంటే ముందే కార్ వెనక సీట్లో ఎక్కి కూర్చునేదాన్ని. అమెరికాలో మేముండే నేపర్‌విల్ దాటి రెండు గంటలు... దారి పొడుగునా మొక్కజొన్న చేలే. ఆ చేల చివర ఎక్కడో ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో కౌంటీ ఫెయిర్.

కౌంటీ ఫెయిర్ అంటే మన తిరునాళ్ళే అనుకోండి. రంగులరాట్నాలు, పీచుమిఠాయి, ఆవుల పోటీలు... నాన్న అవేవీ పట్టించుకునేవాడు కాదు. తిన్నగా వెనకనున్న మట్టి ట్రాక్ దగ్గరికి నడిచేవాడు. అక్కడ గుర్రప్పందేలు. గుర్రం మీద ఎవరూ ఎక్కరు... వెనక రెండు చక్రాల చిన్న బండి, అందులో తోలే మనిషి. నాన్న ఒక్క పందెం కూడా కాసిన పాపాన పోలేదు. గుర్రాల్ని చూడటానికే ఆ ప్రయాణమంతా.

మా తాతయ్య తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. గడ్డి వేస్తూ, మాలీషు చేస్తూ నాన్న ఆ గుర్రంతో పాటే పెరిగాడు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎవరికీ చెప్పని సంగతి అది.

ఒకసారి కంచె దగ్గర నిలబడి, ఉన్నట్టుండి ఒక ముసలాయనతో "మీ గుర్రానికి వెనక ఎడమ కాలు నొప్పిగా ఉంది, చూసుకోండి" అన్నాడు. ఆయన పేరు డేల్. డెక్క ఎత్తి చూస్తే నిజంగానే చిన్న రాయి ఇరుక్కుని ఉంది! "నువ్వు కంప్యూటర్లవాడివా, గుర్రాలవాడివా?" అని నవ్వి, ఆయన గేటు తెరిచాడు.

ఇంక చూసుకోండి... ప్రతి శనివారం ఆ గుర్రం దగ్గరే. దాని పేరు పెన్నీ. పరుగయ్యాక ఒళ్ళు కడిగి, చెమట ఆరేదాకా నడిపించేది నాన్నే. పైసా తీసుకోలేదు, ఆ ఊసే లేదు. ఒకరోజు పొద్దున డేల్ ఏకంగా పగ్గాలే చేతికిచ్చాడు. బండెక్కి "హేయ్... హేయ్..." అంటూ నాన్న ట్రాక్ చుట్టూ తిరిగొచ్చాడు. "ఏమండీ, మెల్లిగా! మీరేమన్నా చిన్నపిల్లాడా?" అని అమ్మ కంచె ఇవతలనుంచి ఒకటే కేకలు. అమెరికా వచ్చాక నాన్న అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను.

ఆ వేసవిలో పెన్నీ ఒక పందెం గెలిచింది. ఫోటో తీశారు. కళ్ళెం పట్టుకుని నాన్న నిలబడ్డాడు. ఫోటో కింద, గుర్రం పని చూసే మనిషి అని నాన్న పేరు అచ్చువేశారు.

ఇక నా నిర్వాకం వినండి... మూర్తి అంకుల్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి ఆ ఫోటో పట్టుకెళ్ళి అందరికీ చూపించాను. "మా నాన్న వీకెండ్స్ గుర్రాల దగ్గర జాబ్ చేస్తాడు!" అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లని, గొప్పలకు పోయాను.

మూర్తి అంకుల్ ప్రసాదం ప్లేటు పక్కన పెట్టి ఫోటో అందుకున్నాడు. వీసా విషయాల్లో మా వాళ్ళందరికీ ఆయన మాటే వేదం.

"ఏంటి రావుగారూ, హెచ్-వన్ వీసా మీద ఉండి, కంపెనీ పని కాక సైడ్ జాబా? మనీ తీసుకోకపోయినా వర్క్ వర్కేనండీ. పేరు కూడా ప్రింట్ అయింది... రేపు ఎవరైనా చూశారనుకోండి, మీ గ్రీన్ కార్డ్ గోవిందా!"

అందరూ నవ్వారు. అమ్మ మొహం మాత్రం పాలిపోయింది.

తర్వాతి శనివారం మేం ఎక్కడికీ వెళ్ళలేదు. నేను ఏడ్చి గోల చేశాను. "గ్రీన్ కార్డ్ వచ్చాక వెళ్దాంలే తల్లీ" అన్నాడు నాన్న. అసలు అది తప్పో కాదో ఒక లాయర్‌ని అడగొచ్చు కదా? అడగలేదు. అడిగితే ఆ అడిగిన సంగతి కూడా ఎక్కడ ఫైల్‌లో పడుతుందోనని భయం! ఇలాంటి తెలివి మనవాళ్ళకే ఉంటుంది.

డేల్ రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, "డాడీ ఊళ్ళో లేరని చెప్పవే" అంది. చెప్పాను. నాన్న పక్కనే సోఫాలో తలొంచుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత డేల్ మళ్ళీ చేయలేదు.

కార్డ్ రావడానికి పదకొండేళ్ళు పట్టింది. వచ్చిన ఏడాదే నాన్నని కార్ ఎక్కించి నేనే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళాను. అదే ట్రాక్... చూసేవాళ్ళు పట్టుమని యాభై మంది లేరు. డేల్ పోయి అప్పటికే ఆరేళ్ళయిందట. ఆయన మనవరాలు గుర్రాల్ని చూసుకుంటోంది. నాన్న పేరు చెప్పగానే ఆ అమ్మాయి గుర్తుపట్టింది.

"తాతయ్య మీ గురించే అంటుండేవాడు. రావ్‌కి నా మీద ఎందుకు కోపం వచ్చింది, నేనేమన్నాను అని... చివరిదాకా అదే బెంగ."

నాన్న ఏమని చెప్తాడు? ఒక పెద్దమనిషి వ్రతంలో నవ్వుతూ ఏదో అంటే, మీ తాతయ్యని వదిలేశానని చెప్తాడా?

ఆ అమ్మాయి చేతిలోని గుర్రం తాడు నాన్న వైపు చాపింది. "కాసేపు దీన్ని నడిపిస్తారా?"

నాన్న చెయ్యి ముందుకెళ్ళింది... ఆగిపోయింది. చుట్టూ ఒకసారి చూశాడు, ఎవరైనా ఫోటో తీస్తున్నారేమోనని. రెండు చేతులూ ప్యాంట్ జేబుల్లో పెట్టేసుకుని, "నో నో... థాంక్యూ" అన్నాడు.

తిరుగుప్రయాణంలో నాకు ఒళ్ళు మండిపోయింది. "కార్డ్ వచ్చింది కదా నాన్నా! ఇంకా ఎవరికి భయం?" అని అరిచాను.

"భయం కాదు తల్లీ... అలవాటైపోయింది" అన్నాడు.

మూర్తి అంకుల్ ఇప్పటికీ ఫంక్షన్లలో కనిపిస్తాడు. ఆయనకి ఆ మాటన్నట్టే గుర్తు లేదు. ఆయన్ని తిట్టుకుని ఏం లాభం... గొప్పలు చెప్పింది నేను, ఫోన్‌లో అబద్ధమాడింది నేను.

ఈ వేసవి నుంచి ఆ ఊళ్ళో పందేలే లేవట. ట్రాక్‌ని పార్కింగ్‌కి ఇచ్చేశారట. మీ ఇళ్ళల్లో కూడా "కార్డ్ వచ్చాక" అని ఎవరు ఏం మానుకున్నారో రాయండి ఫ్రెండ్స్... మా ఒక్క ఇంట్లోనే ఇలా జరగలేదని తెలిస్తే, కొంచెమైనా ఊరటగా ఉంటుంది.