పెళ్లికీ చావుకీ ఒకటే పెట్టె

రికార్డు మీంచి ముల్లెత్తి ఇంకొకటి పెట్టేలోపే పందిట్లోంచి కేక వినబడింది. "ఏం పాపా, పాట యాడ పోయింది? ఇది కల్యాణమా, సావిల్లా?"

పొద్దున్నుంచీ ఇదే వరస. తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో పెళ్లి. మైకుసెట్టు మా మేనమామది. రికార్డులు వేసే మనిషి పని మానేస్తే, మగ్గం దిగి నేను వచ్చాను. "ఈ పెళ్లి బాగా నడిపిస్తే పని నీదే" అన్నాడు మామ. ఒక్కో పాట మూడు నిమిషాలే. అంతలో అన్నం తినలేను, నడుం వాల్చలేను. చూస్తుండగానే ఆఖరి పంక్తి కూడా లేచిపోయింది. వేసినదీ, వెతుకులాటలో బయటికి తీసినదీ, ప్రతి రికార్డునూ తొందరలో చేతికందిన అట్టలో దోపేస్తున్నాను.

కళ్లు మూతలు పడుతుండగా పెళ్లిపాట అట్టలోంచి ఒకటి తీసి పెట్టాను. పాడె లేచేటప్పుడు వేసే పాట ఊరంతా మోగింది! మామ పెట్టెలో పెళ్లిపాటలూ చావుపాటలూ కలిసే ఉంటాయి మరి. పెళ్లికొడుకు మేనత్త పరుగెత్తుకొచ్చింది. "ఎవుర్ని సాగనంపతా ఉండావే?"

మామ అరవలేదు. "రేపట్నించి మగ్గం కాడికే పోమ్మా" అన్నాడు నీరసంగా.

"రెండూ ఒకే పెట్టిలో కలిపిందెవురు మావా, నేనా?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే మగ్గమెక్కలేదు. మామ ఇంటికి పోయి, చావుపాటలన్నీ ఏరి, పాత చీరముక్కలో వేరే మూట కట్టాను.