ఉయ్యాలకు ఇవ్వని తాడు

నా చిన్నప్పుడు వాటర్‌ఫోర్డ్‌లో మా అద్దె ఇంటి పెరట్లో ఒక పెద్ద యాష్ చెట్టు ఉండేది. చిన్నప్పుడు అంటే మరీ పాతకాలం అనుకోకండి. నాకిప్పుడు నలభై దగ్గరపడుతున్నాయి, మా పిల్లల లెక్కలో మాత్రం ముసలమ్మనే. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, మేము ఐర్లండ్ వచ్చి ఏడాది కూడా కాలేదు. నాన్న వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. బళ్ళో నానా తంటాలు పడి ఇద్దరు స్నేహితురాళ్ళను సంపాదించుకున్నాను. వాళ్ళ ముందు గొప్పకు పోయి, ఆదివారం మా ఇంట్లో అట్లతద్ది, చెట్టుకు ఉయ్యాల కట్టుకుని ఊగుతాం, మీరూ రండి అని పిలిచేశాను. వస్తామన్నారు. ఉయ్యాల మాత్రం ఇంకా లేదు.

దానికి అమ్మ దగ్గర ఒక ఉపాయం ఉంది. పక్కింటి షెడ్డు మీదకు వాలిన ఎండుకొమ్మను కోయించడానికి ఇంటి యజమాని శనివారం చెట్లు కోసే ఆయన్ని పంపిస్తున్నాడు. ఎలాగూ పైకి ఎక్కుతాడు కదా, పనిలో పనిగా రెండో వైపు గట్టి కొమ్మకు ఉయ్యాల తాడు కట్టించేద్దామని అమ్మ ఆలోచన. బట్టలారేసుకునే ప్లాస్టిక్ తాడు కొత్తది కొని సిద్ధంగా పెట్టింది.

ఆయన భార్యతో కలిసి వచ్చాడు. ఆయన ఎక్కుతాడు, ఆవిడ కింద నిలబడి చూసుకుంటుంది. అమ్మ ఆయనకు చెట్ల డాక్టరు అని పేరు పెట్టింది. డాక్టరు గారు అమ్మ కొన్న తాడును వేళ్ళతో నలిపి చూసి, చొక్కాలకైతే గ్రాండ్, అంటే భేషుగ్గా ఉంటుంది, పిల్లలకు కాదు అని తిరిగి ఇచ్చేశాడు. నా గుండెలో రాయి పడింది.

ఇక ఆయన పని మొదలుపెట్టడానికే గంట పట్టింది. బరువైన చిన్న సంచికి సన్నటి తాడు కట్టి, పై కొమ్మల మధ్య పంగలోకి విసరడం, తప్పడం, మళ్ళీ విసరడం. రెండుసార్లు కింది పంగలో చక్కగా పడితే, అది పనికిరాదని లాగేసుకున్నాడు. పదహారు వరకు లెక్కపెట్టి విసిగిపోయాను. ఎట్టకేలకు సంచి సరైన చోట పడింది. ఆ సన్నతాడుతో అసలు తాడును పైకి లాగాడు. నారింజ రంగు తాడు, మధ్యమధ్య ఆకుపచ్చ పోగులు. నలభై మీటర్లకు పైనే ఉంటుంది. తర్వాత హెల్మెట్, నడుముకూ తొడలకూ పట్టీలు, కొక్కేలు. ఒక్కోటీ ఆయన లాగి చూసుకున్నాక, మళ్ళీ అవన్నీ మొదటినుంచీ ఆవిడ లాగి చూసింది. ఒక మనిషి చూసింది ఇంకో మనిషి చూడటమెందుకో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి ఎండుకొమ్మ సగం దిగింది. అప్పుడు కోసిన ముక్క ఒకటి నేరుగా కింద పడకుండా పక్కకు తిరిగి ఆ తాడు మీద పడింది. తాడు ఆయన్ని గట్టిగా ఒక కుదుపు కుదిపింది. ఇంకో పొట్టి పట్టీతో మానుకు కట్టుకుని ఉన్నాడు కాబట్టి ఆయనకేమీ కాలేదు. కింద ఆవిడ ముఖం మాత్రం తెల్లబోయింది. ఆయన నెమ్మదిగా దిగి, గడ్డి మీద కూర్చుని, కళ్ళు మూసుకుని తాడును మొదటినుంచి చివరిదాకా వేళ్ళ మధ్య నడిపించాడు. ఒకచోట ఆగాడు. వ్యానులోంచి వేరే తాడు తెచ్చుకుని, దీన్ని కంచె పక్కన పడేశాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. ఎలాగూ పడేశారు కదా, పిల్ల ఉయ్యాలకు ఇవ్వమని అమ్మ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెడిన చోటు కోసేసి మిగతాది ఇవ్వచ్చు కదా అంది అమ్మ. కుదుపు తాడంతా పాకిందని ఆయన జవాబు. అమ్మ నావైపు తిరిగి తెలుగులో, “అంత పొడుగు తాడుంది, పాతిక మూరలు ఇస్తే ఏం పోయిందిట ఈయనకి?” అంది. నేను ఏడుపు లంకించుకున్నాను.

ఆయన నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా ఎర్రటి చేతులు చూసి బ్లాక్‌బెర్రీలు కోశావా అని అడిగాడు. అది గోరింటాకు అని చెప్పే ఓపిక నాకు లేదు. తాడు కొస నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని చెడిన చోటు ఎక్కడుందో వెతుకు, దొరికితే మాట్లాడుకుందాం అన్నాడు. దొరికితే తాడు నాదే అనుకున్నాను.

తడి గడ్డిలో కూర్చుని తాడంతా వెతికాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ లేదు. వేళ్ళు మండిపోతున్నాయి. మూడోసారి ఒకచోట, పైకి మామూలుగానే ఉన్నా లోపల మాగిన అరటిపండులా వేలు దిగింది. దొరికిందని ఎగిరి గంతేశాను. ఆయన నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, ఇదొక్కటేనా అని అడిగాడు. మూడుసార్లు చూశాను, ఇంకేమీ లేదన్నాను. “లేదా? లేక నీకు దొరకలేదా?” అన్నాడు.

కొమ్మలు ఈడుస్తున్న ఆవిడ ఆగి, నేనైతే ఈయన్ని ఆ తాడుకు కట్టను అంది. ఆయన కత్తి తీసి, నా కళ్ళ ముందే తాడంతా మూరెడేసి ముక్కలుగా కోసేశాడు. బాగున్నట్టు కనిపించే తాడును వదిలేస్తే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు దానికి ఏదో ఒకటి వేలాడదీస్తారట. ఒక ముక్క నాకిచ్చాడు. మోసం, మోసం అని తెలుగులో అరుస్తూ విసిరికొట్టాను. అమ్మ ఏరి దాచింది. అమ్మ ఏదీ పారేయదు.

సాయంత్రం నాన్నకు ఫిర్యాదు చేస్తే, “మా దగ్గరా అంతేనమ్మా, అనుమానమున్న గొట్టాన్ని కోసే పారేస్తాం” అన్నాడు. నాన్న కూడా అటువైపే చేరిపోయాడని అన్నం మానేశాను. ఆదివారం స్నేహితురాళ్ళు వచ్చారు. అట్లు పంచదార అద్దుకుని తిన్నారు. ఉయ్యాల ఏదని అడిగితే, వాన వల్ల కట్టలేదన్నాను. ఈ దేశంలో దొరక్క దొరక్క ఆరోజే ఎండ విరగకాసింది.

తర్వాతి శనివారం, ఎవరూ పిలవకుండానే చెట్ల డాక్టరు వచ్చి కొత్త తాడు, కొత్త పలకతో ఉయ్యాల కట్టి వెళ్ళాడు. నేను కిటికీలోంచి కూడా చూడలేదు. చచ్చినా ఎక్కనని పంతం పట్టాను. క్రిస్మస్ ముందు లీజు అయిపోయి వేరే ఇంటికి మారాము. అంత మంచి ఉయ్యాల ఒక్కసారైనా ఊగలేదు. ఆ పంతం తలుచుకుంటే నన్ను నేనే ఒక్కటి పీకాలనిపిస్తుంది.

ఇప్పుడు నేనూ అలాంటి ఫ్యాక్టరీలోనే, మనుషుల గుండెల్లోకి వెళ్ళే సన్నటి గొట్టాలను పరీక్షిస్తాను. వారానికో గొడవ. సరుకు వెళ్ళాలి, టైము లేదు, ఏమీ లేదని రాసెయ్యనా అక్కా అని కుర్రకారు నసుగుతారు. దొరకలేదని రాయి, లేదని రాయకు అంటాను. వాళ్ళు కళ్ళు తిప్పుకుంటారు. అనుమానం వచ్చినదాన్ని నా ముందే కోయిస్తాను. వాళ్ళకు నా మీద ఎంత మంటో నాకు తెలుసు.

ఆ నారింజ ముక్క ఇప్పటికీ మా వంటింటి ప్రెస్‌లో, అదే అలమరలో, పై అరలో ఉంది. మొన్న మా అమ్మాయి దాంతో తమ్ముడి స్కూటర్‌ను తన సైకిల్‌కు కట్టి లాగుతానని అడిగింది. ఇవ్వనన్నాను. “మామ్, దానికేం కాలేదు, ఇట్స్ గ్రాండ్!” అని కాళ్ళు నేలకేసి కొట్టింది. కళ్ళు మూసుకుని వేళ్ళతో చూడమని ఆ ముక్కను దాని చేతిలో పెట్టాను. మూతి ముడుచుకునే చాలాసేపు తడిమింది. ఏమీ లేదంది.

నాకూ ఇంతవరకు దొరకలేదమ్మా, అన్నాను.