నల్లముసుగుకు నేను పెట్టిన మీసం

సిగ్గుతో మనిషి చచ్చిపోయే వీలే ఉంటే, ఎనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం పూట, శామీర్‌పేట దగ్గరి ఓ కాలనీ హాల్లో, అరవై మంది చూస్తుండగా నేను పోయేవాణ్ని. పోలేదు. నడుము మాత్రం పట్టేసింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మధ్యలో "అయ్యో పాపం" అని మాత్రం అనకండి. ఆ మాటకు నేను తగను.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. మేడ్చల్‌లో కాపురం, జీడిమెట్లలో నట్లూ బోల్టులూ చేసే చిన్న కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. వారంలో ఆరు రోజులు బోల్టుల్లో లోపాలు వెతికేవాణ్ని. ఏడో రోజు చాయ్ హోటల్లో కూర్చుని పాత కుస్తీ వీరుల్లో లోపాలు వెతికేవాణ్ని.

కుస్తీ అంటే మట్టిలో పట్టే కుస్తీ కాదు. టికెట్టు పెట్టి, డేరా వేసి, మైకులో గొంతు చించుకుని ఆడించే కుస్తీ. మా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే అల్వాల్ మైదానంలో ఒక కుస్తీల కంపెనీ దిగేది. నెత్తితో కొబ్బరికాయలు పగలగొట్టే ఉక్కుతల ఉస్మాన్, ఆట మధ్యలో బరి మీదే అరడజను గుడ్లు తాగే భోజనాల భీమయ్య, అందరికంటే మించి నల్లముసుగు! తల నుంచి మడమ దాకా నల్లబట్ట. కళ్ల దగ్గర రెండు చిల్లులు. మాట్లాడేవాడు కాదు. ఎదుటివాణ్ని భుజానికెత్తుకుని, గిర్రున మూడు చుట్లు తిప్పి, ఎడమ కాలితో నేలను ఒక్క తన్ను తన్ని, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు కింద పెట్టేవాడు. దానికి మేం పెట్టుకున్న పేరు 'ఉయ్యాల ఎత్తు'.

ఆ నల్లముసుగు ఆఖరి కుస్తీ మా ముఠాకు తీరని చిక్కుముడి. ఉక్కుతలతో పోటీ. నల్లముసుగుదే పైచేయి. ఒక్కసారి కింద పడి లేచాడో లేదో, ఉన్నట్టుండి అతను తాడు మీంచి దూకి, జనంలోకి పరుగెత్తి, మాయమయ్యాడు. మర్నాడు కంపెనీ డేరా పీకేసింది. మళ్లీ ఎన్నడూ రాలేదు.

ఎందుకు పారిపోయాడు? ఇరవై రెండేళ్లుగా ఇదే చర్చ. మా ముఠాలో ముఖ్యుడు టైలర్ యాదగిరన్న. ఆనాడు అతనూ ఆ డేరాలోనే ఉన్నాడు. రెండోవాడు గుంటూరు నుంచి వచ్చి శామీర్‌పేట కొత్త కాలనీలో స్థిరపడ్డ ప్రసాదరావు గారు. ఆయన కుస్తీలన్నీ టీవీలో చూసినవే. అందుకే ప్రతిదానికీ సాక్ష్యం అడిగేవారు.

"కడుపు నొచ్చి ఉంటది పాపం," అనేవాడు యాదగిరన్న.

"ఊహలు వద్దండీ. చూసినవాళ్లెవరైనా ఉన్నారా?" అనేవారు రావు గారు.

ఆ ప్రశ్న నా నాలుకకు దురద పుట్టించింది. నిజమేమిటంటే, ఆనాడు పదేళ్ల నేను డేరా వెనక్కి పరుగెత్తిన మాట వాస్తవం. అక్కడ నేను చూసింది ఒక ఖాళీ బకెట్టు. అంతే. ఆ బకెట్టులోంచి నేను ఎంత కథ తోడానో చూడండి.

"నేను చూసిన," అన్నాను.

"ఏం జూసినవ్ శీనూ?"

"గా ఉక్కుతల నల్లముసుగు చెవుల ఒక్క మాట అన్నడన్నా. 'ఇయ్యాల నీ ముసుగు గుంజుత' అని. గంతే! లాగు తడుపుకుంట ఉరికిండు. నేను ఎనక డేరలకు వోయి తొంగిజూసిన. ముసుగు తీసిండు. ఈ చెవు కాడికెళ్లి ఆ చెవు దాక మీసం! బుగ్గ మీద కత్తిగాటు! మూలకు కూసోని ఎక్కెక్కి ఏడుస్తాండు."

హోటల్లో చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది. రావు గారి నోట్లో బిస్కెట్టు సగంలో నిలిచింది. ఆ నిశ్శబ్దం రుచి మరిగాను. గోరంత చూసినవాడు కొండంత చెప్పడం లోకరీతి. నేను బకెట్టంత చూసి బ్రహ్మాండమంత చెప్పాను. ఆపై ప్రతి ఆదివారం ఒక వివరం పెరిగేది. ఒక వారం బంగారు పన్ను పెట్టాను. ఇంకో వారం చేతి మీద తేలు పచ్చబొట్టు వేశాను.

ఇప్పుడు మా అత్తమ్మ గురించి చెప్పాలి. పేరు అనసూయమ్మ. అల్వాల్‌లో పిండిగిర్ని నడిపేది. మనిషి తలుపంత ఎత్తు, మాట ఉప్పంత తక్కువ. గోధుమల బస్తాను నేను రెండు చేతులతో కదపలేకపోతే, ఆమె దాన్ని చంకన పెట్టుకుని లెక్కలు మాట్లాడేది. గిర్ని పని అలవాటు కాబోలు అనుకునేవాణ్ని. చూశారా, బోల్టులో వెంట్రుకంత పగులును పట్టే కళ్లు ఇంట్లో కొండను చూడలేదు!

ఒకరోజు మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా నా కథ విప్పాను. అత్తమ్మ వడ్డిస్తూ వింది.

"మీసం ఉండెనా అల్లుడా?" అంది.

"మస్తు మీసం అత్తమ్మా! నిమ్మకాయ నిలవడతది."

"ఏడ్సిండా?"

"చిన్నపిలగాని లెక్క. మనిషి దొడ్డుగ ఉండె గని దిల్ లేదు, పిరికోడు. డర్పోక్."

ఆమె నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి లోపలికి పోయింది. మా ఆవిడ సుజాతకు పొలమారింది. నీళ్లిచ్చాను. పప్పులో కారం ఎక్కువైందనుకున్నాను.

ఇంతలో రావు గారికి ఒక ఆలోచన వచ్చింది. వాళ్ల కాలనీ హాల్లో పాత కుస్తీ అభిమానుల సభ! మేడ్చల్, అల్వాల్, కీసర చుట్టుపక్కల ఆనాటి ఆటలు చూసినవాళ్లందరికీ కబురు పెట్టారు. వాకిట్లో ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద చేతులు కట్టుకున్న నా ఫొటో, కింద ఎర్ర అక్షరాలు: 'నల్లముసుగు ముఖం చూసిన ఏకైక మానవుడు'.

"అమ్మను గూడ తీస్కపోదామా?" అంది సుజాత.

"తప్పకుంట! అల్లుడంటే ఏందో చూడని," అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలవడానికి ఇంటిని ఆటోలో ఎక్కించుకుని మరీ తీసుకెళ్లాను.

హాలు నిండింది. వేదిక పక్కన బల్ల మీద మైసూరుపాకు పళ్లాలు. నేను మైకు పట్టుకుని అరగంట వాయించాను. ఆడవాళ్ల వరసలో అత్తమ్మ, చేతులు ఒడిలో పెట్టుకుని, కళ్లార్పకుండా వింటోంది. చప్పట్లు పడేకొద్దీ నాకు ఒళ్లు తెలియలేదు.

"ఇగ చూడుండ్రి, ఉయ్యాల ఎత్తు ఎట్లనో చూపెడత!" అని యాదగిరన్నను వేదిక మీదికి లాగాను. నడుం పట్టుకుని ఎత్తబోయాను. అతని చొక్కా లేచింది గానీ అతను లేవలేదు. జనం గొల్లున నవ్వారు. అవమానం దిగమింగలేక మైకులో అన్నాను: "అసలు గా నల్లముసుగు ఎత్తుడు గూడ నాటకమే! ఎదుటోడు ఎగిరితేనే లేస్తుండె. ఉత్త పిరికోడు!"

అప్పుడు ఆడవాళ్ల వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంది.

అత్తమ్మ లేచింది. కొంగు నడుముకు చుట్టి దోపింది. వేదిక మెట్లెక్కుతుంటే చెక్కలు మూలిగాయి.

"అమ్మా, మీరు కూర్చోండి. ఇది మగవాళ్ల..." అని రావు గారు అడ్డం వెళ్లబోయి, ఆమె చూపు తగలగానే "...అదే, రండి, రండి" అని పక్కకు తప్పుకున్నారు.

"అల్లుడా, నడుం వట్టుకుంటె మనిషి లేవడు," అంది మెల్లగా. "ఒక చెయ్యి తొడ కిందికెళ్లి, ఇంకో చెయ్యి మెడ మీదికెళ్లి. గిట్ల."

ఆ 'గిట్ల' అన్న మాట నేను నేల మీద విన్నాను. తరవాతి ఊపిరి గాల్లో పీల్చాను. బోల్టులు పరీక్షించే మొనగాణ్ని, డెబ్బై రెండు కిలోల మానవుణ్ని, ఆమె భుజం మీద తువ్వాలులా పడి ఉన్నాను! హాలు తలకిందులైంది. ఒక చుట్టు. ఫ్లెక్సీ మీద నా ఫొటో నన్నే చూసి నవ్వుతూ పోయింది. రెండో చుట్టు. సుజాత రెండు చేతులతో నోరు మూసుకుంది. మూడో చుట్టు. ఆగింది. ఎడమ కాలు నేలను తన్నిన చప్పుడు.

ధన్.

ఆ చప్పుడుకు హాలు బిగుసుకుపోయింది. యాదగిరన్న గొంతు ఒక్కటే లేచింది.

"మూడు సుట్లు... ఎడమ కాలు... అరే శీనూ! గామె... గామె నల్లముసుగు రా!"

నేను ఇంకా భుజం మీదే ఉన్నాను. ఆమె నన్ను పసిపిల్లాణ్ని పడుకోబెట్టినట్టు మెత్తగా దించబోయింది. భయంతో నేనే గిలగిలలాడాను. తంతే బూరెల గంపలో పడతారంటారు. నేను ఎవరూ తన్నకుండానే మైసూరుపాకు పళ్లెంలో పడ్డాను. నడుము పట్టేసింది అప్పుడే.

"అత్తమ్మా... నువ్వా?" అన్నాను, పడ్డచోటి నుంచే.

"నేనే. మీసం ఏడున్నదో నువ్వే జెప్పాలె."

నవ్వడానికి కూడా ఎవరికీ ఊపిరి అందలేదు. రావు గారు వేదిక అంచుకు వచ్చారు. చేతులు జోడించి, "అమ్మా, అసలేం జరిగిందో సెలవివ్వండి," అన్నారు.

ఆమె మైకు తీసుకోలేదు. అవసరం రాలేదు.

"కంపెనీ మా మేనమామది. మొదాలు ముసుగేసేటాయన కాలిరిగింది. పోస్టర్లు ఊరంత అంటువెట్టిన్రు. మా బాపుది కుస్తీ నేర్పే తాలీం, కొడుకుల్లేరు, చిన్నప్పటిసంది నన్నే మట్టిల దింపిండు. గంత ఎత్తు మనిషి ఇంకెవలు లేకుండె. ఒక్క ఆట కోసం ఏసుకున్న ముసుగు రెండేండ్లు ఉండె."

"మరి గా దినం ఎందుకు ఉరికినవమ్మా?" అన్నాడు యాదగిరన్న. ఇరవై రెండేళ్ల ప్రశ్న అది. అతని కళ్లు అప్పుడే తడిసి ఉన్నాయి.

"ఉక్కుతల నన్ను కింద వడేసిండు. అంత ముందుగాల మాట్లాడుకున్న ఆటే. గని నా బిడ్డ నాలుగేండ్లది, గ్యాలరీ మీద కూసున్నది. నిజంగనే కొడుతుండని అనుకున్నది. 'అమ్మా' అని లేసి, కాలు జారి, కింది వెదురుబొంగులల్ల ఏలాడుతాంది. ఎవ్వలు చూస్తలేరు, అందరు నన్నే చూస్తున్నరు. ఇగ ఆట ఏంది, గెలుసుడేంది? దుంకిన."

అందరి తలలూ సుజాత వైపు తిరిగాయి. ఆమె గడ్డం కింది చిన్న కుట్ల మచ్చను తడుముకుంటోంది. చిన్నప్పుడు పడ్డానని పెళ్లైన కొత్తలో చెప్పింది. ఎక్కణ్నుంచి అని నేనడగలేదు. అడిగే తీరిక నాకెక్కడిది, నల్లముసుగు మీసాలు దువ్వుతున్నాను గదా!

"ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పకపోతివి," అన్నాను.

"ఆడది మొగోళ్లతోని కుస్తీ వట్టిందంటె బిడ్డకు సంబంధాలు వస్తయా? నువ్వు పిల్లను చూడవచ్చిన నాడు, మంచిగనే ఉన్నడు పిలగాడు, చెప్దామనుకున్న. గంతల నువ్వు చాయ్ తాగుకుంట, నల్లముసుగు డర్పోక్ అన్నవు." దోపిన కొంగు విప్పి దులుపుకుంది. "ఇగ చెప్పబుద్ధి కాలె."

నేల నన్ను మింగితే బాగుండేది. దానికి కూడా నేను రుచించలేదు. పాకంటిన చేతులతోనే ఆమె కాళ్లు పట్టుకున్నాను.

"తప్పయింది అత్తమ్మా. నేను చూసింది ఒక బకెట్. గంతే."

నా రెక్క పట్టి లేపింది. ఈసారి మెల్లగా. "నువ్వు చెప్పిన దాంట్ల ఒక్కటి నిజం," అంది నాకొక్కడికే వినబడేలా. "బిడ్డను సంకనేసుకోని ఎనక డేరల కూసోని ఏడ్సిన. ఇంక ఈ ఆట ఆడనని తెల్సి ఏడ్సిన."

నా జీవితంలో నేను నిజంగా మూగవాణ్నైంది ఆ ఒక్క నిమిషమే అని సుజాత ఇప్పటికీ చెబుతుంది. ఈలోగా జనం కుర్చీలు దాటుకుని వేదిక మీదికి వచ్చేశారు. ఒకాయన మనవణ్ని ఆమె చేతికిచ్చి ఫొటో తీసుకున్నాడు. రావు గారు నా ఫ్లెక్సీని విప్పించి, మడతపెట్టి, మైసూరుపాకు పళ్లాల మీద ఈగలు వాలకుండా కప్పారు. యాదగిరన్న మాత్రం ఆమె ముందు నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, "కడుపు నొప్పి అనుకున్న తల్లీ, ఇరవై రెండేండ్లు కడుపు నొప్పి అనుకున్న," అని అదే మాట అంటున్నాడు.

ఆ సాయంత్రం నేను బోర్లా పడుకుని ఉంటే సుజాత నడుముకు మందు రాస్తోంది.

"గా ఎత్తు మీ అమ్మకు మీ తాతనే నేర్పిండా?" అన్నాను, మాట కలపడానికి.

"ఔ."

"మరి తాతకు నేర్పిన ఉస్తాద్ ఎవలు?"

సుజాత చెయ్యి ఆగింది. ఇష్టం లేనట్టుగా అంది: "మా అవ్వ."

నేను తల తిప్పబోయాను. తిరగలేదు. ఆ అవ్వ, అంటే సుజాత అమ్మమ్మ, కీసరలో ఉంటుంది. ఎనభై దాటాయి. నాలుగేళ్లుగా ప్రతి పండక్కీ వెళ్లి, ఆమె పక్కన కూర్చుని, ఆడవాళ్లకు కుస్తీ గురించి ఏం తెలుసునని నేనే ఆమెకు వివరించి వస్తున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, పట్టేసిన నడుము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కళ్లతో చూడని మనిషికి మీసం పెట్టను. ఎవరు బరి వదిలి పరుగెత్తినా, ఎవరి కోసం పరుగెత్తారో తెలియకుండా నోరు విప్పను. ఇక కీసర వెళ్లినప్పుడల్లా అవ్వకు దూరం నుంచే దండం పెడతాను. ఆమె చేతిలోని కర్ర ఊతానికి కాదని నాకు గట్టి అనుమానం.