పలకరింపుల గదిలో బీపీ మిషను

మా ఊళ్ళో ఎవరైనా ఆస్పత్రిలో పడితే వెళ్ళి పలకరించకపోవడం పెద్ద తప్పు. పలకరించడమంటే ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు తీసుకెళ్ళి, ఇదే జబ్బుతో అంతకుముందు ఎవరెవరు పోయారో మంచం పక్కన కూర్చుని వివరంగా చెప్పి రావడం. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, అభిమానమే.

నా పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నప్పుడు, దాచేపల్లి క్వారీల పక్కన పెరిగినదాన్ని, రాళ్ళకి భయపడతానా అని బీరాలు పలికాను. నరసరావుపేటలో ఆస్పత్రి మంచం ఎక్కగానే ఆ బీరాలు ఎటు పోయాయో! బీపీ పెరుగుతూ పోయింది. అది దిగకపోతే రేపు ఆపరేషన్ లేదని చెప్పేశారు. ఆపరేషన్ చేసే డాక్టరుగారు గుంటూరు నుంచి వారానికొకసారే వస్తారు. అంటే మళ్ళీ వారం దాకా ఆ నొప్పి, ఆ వాంతులు. ఆపరేషన్ ఉందంటే భయం, లేదంటే అంతకంటే భయం.

సాయంత్రం మా ఊరివాళ్ళు ఆటో నిండా దిగారు. అందరికంటే ముందు మా బావగారు, మా ఆయనకి అన్నగారు. ఒకప్పుడు ఊరికి ప్రెసిడెంటు. పదవి పోయింది గానీ గొంతు పోలేదు. ఆయన ముందు నేను ఏనాడూ కూర్చుని మాట్లాడలేదు. అలవాటుగా లేవబోతే సెలైన్ గొట్టం లాగింది.

"కడుపు కొయ్యటం అంటే చిన్న పనా అమ్మాయ్? శావల్యాపురంలో మా వియ్యంకుడి తమ్ముడు చానా గట్టి మనిషి. ఇదే ఆపరేషన్. నడుచుకుంటా లోపలికి పోయాడు," అని ఆగారు.

"ఆ తర్వాత?" అన్నారంతా.

"తర్వాతేంది? అంతే."

అప్పుడే నర్సు వచ్చింది. మాచర్ల వైపు అమ్మాయి, నన్ను పిన్నీ అంటుంది. నా మొహం చూసింది, వాళ్ళ మొహాలు చూసింది. వెళ్ళగొడితే ఊళ్ళో నిష్ఠూరం నా నెత్తినే పడేది. ఆ పిల్లకి అది తెలుసు కాబోలు, పల్లెత్తు మాట అనలేదు. బీపీ మిషను తెచ్చి, "ఇంత దూరం వచ్చారు, మీక్కూడా చూస్తానండీ. ఎక్కువుంటే ఇక్కడే పడుకోబెట్టుకుంటాం. ముందెవరు?" అంది.

ఒకావిడకి గేదెలు గుర్తొచ్చాయి. ఒకాయన మోగని ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు. గది ఖాళీ అయింది. బావగారు మాత్రం ప్రెసిడెంటు చేసిన మనిషి, పారిపోలేక చెయ్యి చాచారు. నర్సు ఒకసారి చూసింది, మళ్ళీ చూసింది. నవ్వు మానేసింది.

"పెదనాన్నా, పిన్ని కన్నా మీకే ఎక్కువుంది. పడుకోండి."

డాక్టరుతో ఫోనులో మాట్లాడి, మాత్ర వేసి, పక్కనున్న ఖాళీ మంచం మీద పడుకోబెట్టింది. నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "పాపం చానా భయపడతన్నాడు. నాకు అవతల వార్డుంది. నువ్వు కాస్త ధైర్యం చెప్పు పిన్నీ," అని వెళ్ళిపోయింది. ధైర్యం చెప్పాల్సింది నేనట!

"అమ్మాయ్, నాకేమన్నా అయిద్దంటావా?" అన్నారు బావగారు. ఆ గొంతు ఆయనదంటే నమ్మలేకపోయాను. జాలేసింది. చెప్పడం మొదలుపెట్టాను. మా అన్నయ్యకి బీపీ ఉంది, మిరప కోతలకి రోజూ చేనుకి పోతాడు. మా వీధి పాస్టరమ్మకి గుండె ఆపరేషనే అయింది, ఆదివారం ఆమె పాట వీధి చివరికి వినపడుతుంది. బతికున్నవాళ్ళ కోసం వెతికితే బోలెడుమంది దొరికారు. వింటూ వింటూ బావగారు నా కోసం తెచ్చిన బత్తాయిలన్నీ తినేశారు.

నర్సు తిరిగొచ్చి నాకు బీపీ పట్టీ చుట్టింది.

"బావగారికి తగ్గిందా?" అన్నాను.

"తగ్గతంది. నీకైతే దిగిపోయింది పిన్నీ, రేపు ఆపరేషనే," అంది.

మర్నాడు థియేటర్ తలుపు చూడగానే మళ్ళీ భయం. ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "నేను లేవకపోతే?"

"మధ్యాహ్నానికి నా డ్యూటీ అయిపోద్ది. ఈలోపే లెగువు, నన్ను ఇబ్బంది పెట్టమాక."

కళ్ళు తెరిచేసరికి ఎండ వాలిపోయింది. ఆమె యూనిఫారం మార్చుకుని, భుజాన బ్యాగుతో నా పక్కనే కూర్చుని ఉంది.

"నీ మూలాన నా బస్సు పోయింది పిన్నీ," అని విసుక్కుంది. నాకు ఏడుపొచ్చింది. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.